అతుకు కనబడని తోట

బీజింగ్‌కు వాయవ్యాన ఉన్న సమ్మర్ ప్యాలెస్‌ను చూడబోయేవాళ్ళు చాలామంది దాన్ని మేడలున్న తోట అనుకుని వెళ్తారు. లోపల అడుగుపెట్టాక తెలుస్తుంది, అది ముందు చెరువు, ఆ తర్వాతే తోట అని. దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల ఆవరణలో నాలుగింట మూడు వంతులు నీళ్ళే. చైనీయులు దీన్ని యిహెయువాన్ అంటారు. తల్లి అరవయ్యో పుట్టినరోజు దగ్గరపడుతోందని ఛింగ్ వంశపు చక్రవర్తి ఛియాన్‌లాంగ్ 1750లో ఈ పనికి పూనుకున్నాడు. అది పైకి చెప్పిన కారణం. నీటి అవసరమూ అంత పెద్దదే. పడమటి కొండల్లోంచి వచ్చే ఊటనీటిని ఒకచోట పట్టి ఉంచితే రాజధానికీ, సరుకు పడవలు నడిచే కాలువకూ లోటుండదు.

అప్పటికి అక్కడ ఉన్నవి ఒక గుట్ట, దాని కాళ్ళ దగ్గర ఒక పాత చెరువు. చెరువును తూర్పుగా తవ్వి పెంచారు. తవ్విన మట్టిని తీసుకెళ్ళి గుట్టకు తూర్పు పక్కన పోశారు. వంకరగా ఉన్న గుట్ట అలా రెండు వైపులా సమంగా వాలిన కొండ అయింది. చెరువుకు కున్మింగ్ సరస్సు అని, గుట్టకు దీర్ఘాయువు కొండ అని కొత్త పేర్లు పెట్టారు. ఈరోజు ఆ కొండ మీద పైన్, సైప్రస్ చెట్ల మధ్య నిలబడితే ఏది ముందునుంచీ ఉన్న నేలో, ఏది గంపలతో మోసి పోసిన మట్టో చెప్పలేం. ఈ తోటలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే. ఇక్కడి పనివాళ్ళు పనిచేసి, చేసిన జాడ చెరిపేశారు. వాళ్ళ నేర్పు చూడాలంటే అతుకులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ నడవాలి.

నా సలహా ఏమిటంటే, తూర్పు ద్వారంలోంచి వెళ్ళగానే అందరితోపాటు కొండవైపు తిరగకుండా, ఎడమకు మళ్ళి తూర్పు కట్ట మీద కాసేపు నడవండి. చెరువు కట్టలు తెలిసిన మన కళ్ళకు ఆ కట్ట పనిమంతుల చేతిదని వెంటనే తెలుస్తుంది. అంత నీటిని ఆపుతున్నా అది గోడలా అనిపించదు, షికారు బాటలా ఉంటుంది. దారిలో 1755లో పోతపోసిన కంచు ఎద్దు పడుకుని ఉంటుంది. వరదలను లొంగదీసిన పురాణపురుషుడు యూ, నదిలో ఇనప ఎద్దును నిలిపాడని చైనా కథ. ఆ కథను తలచుకుని ఛియాన్‌లాంగ్ దీన్ని చేయించాడు. వీపు మీద ఎనభై అక్షరాల శాసనం పాత ముద్రాలిపిలో ఉంది. శాసనం చదవలేకపోయినా ఫరవాలేదు, ఎద్దును చూడండి. నిజం ఎద్దంత ఉంటుంది. నిక్కిన చెవులు, ఎత్తిన తల చూస్తే నెమరువేయడం ఆపి, నీళ్ళవైపు ఏదో చప్పుడు విన్నట్టుంటుంది. కాళ్ళు ముడుచుకుని పడుకున్న జంతువులో ఆ అప్రమత్తత తేవడం పోతపనిలో తేలికైన సంగతి కాదు.

ఎద్దు ఎదురుగా కొంచెం దూరంలో ఒక దీవి. ఇది కూడా మనుషులు చేసిందే, అయితే మట్టి పోసి కాదు, తవ్వకుండా వదిలేసి. పాత చెరువు తూర్పు గట్టు మీద నాగరాజు గుడి ఒకటి ఉండేది. చెరువును ఇంకా తూర్పుకు జరపాల్సి వచ్చినప్పుడు గుడిని పడగొట్టలేదు. చుట్టూ తవ్వి, గుడి ఉన్న నేలను నీళ్ళ మధ్య నిలబెట్టారు. తర్వాత దాన్ని కట్టకు కలుపుతూ 150 మీటర్ల పొడవున పదిహేడు కమానుల రాతి వంతెన కట్టారు. మధ్య కమాను అన్నిటికన్నా ఎత్తు. అక్కడినుంచి రెండు పక్కలా ఒక్కొక్కటే తగ్గుతూ పోతాయి. ఏ చివర నుంచి లెక్కపెట్టినా మధ్యది తొమ్మిదోది అవుతుంది, తొమ్మిది చక్రవర్తి అంకె. పిట్టగోడ స్తంభాల మీద 544 రాతి సింహాలున్నాయి. అందరూ వాటితోనే ఫొటోలు దిగుతారు. శీతకాలంలో పగలు బాగా కురచబడ్డ రోజుల్లో సాయంత్రపు ఎండ వాలుగా పడి కమానులన్నిటి లోపలి అంచులూ ఒకేసారి బంగారు రంగుకు తిరుగుతాయట. అప్పుడు కెమెరా కాళ్ళ మధ్య మనిషి కాలు పెట్టే చోటు ఉండదని విన్నాను. నా మట్టుకు వంతెన గొప్ప దాని గీతలో ఉంది. అంత పొడవైన రాతి బరువును ఒక్క మెత్తని వంపుగా సాగదీసి, ఎక్కడా విరుపు కనబడకుండా దీవి మీద దించారు.

ఇక వెనక్కి తిరిగి ఉత్తరపు ఒడ్డుకు. రాణివాసపు ముంగిలి గోడకు సరస్సువైపు వరసగా కిటికీలుంటాయి. ఒకటి విసనకర్ర ఆకారం, ఒకటి పీచ్ పండు, ఒకటి కూజా, ఒకటి ఆరుపలకలు. ప్రతిదానికీ లోపలా బయటా రెండు పలకల గాజు, మధ్యలో దీపం పెట్టే జాగా. రాత్రి వెలిగిస్తే గోడ నీళ్ళలో తలకిందులుగా వెలిగేదన్నమాట. ఇది దాటితే తోటలో నేను ఎక్కువసేపు ఆగిన చోటు వస్తుంది. అదే పొడవైన వసారా.

కొండ పాదానికీ నీటి అంచుకూ మధ్య 728 మీటర్ల పొడవున, 273 అంకణాలుగా సాగే చెక్క నడవ ఇది. రెండు పక్కలా గోడ లేదు. స్తంభాలు, స్తంభాల మధ్య కూర్చునే చెక్క బల్లలు, పైన చూరు కింద సన్నని చెక్క జాలీ, అంతే. వానలో తడవకుండా, ఎండలో మాడకుండా సరస్సును చూస్తూ నడవడానికి కట్టింది. నడుస్తుంటే తిన్నగా వెళ్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ ఒడ్డు తిన్నగా లేదు, నేల సమంగానూ లేదు. ఒడ్డు లోపలికీ బయటికీ వంగుతుంది, కొండ అడుగు ఒకచోట లేస్తుంది, ఒకచోట దిగుతుంది. ఇన్ని వంకరల మీద తిన్నని దారి ఎలా వచ్చింది?

కిటుకు నాలుగు మండపాలలో ఉంది. వసారా పొడవునా అక్కడక్కడా ఎనిమిది పలకల, రెండు అంతస్తుల చూరు ఉన్న మండపాలు వస్తాయి. నాలుగు రుతువులకు గుర్తుగా కట్టారని గైడ్లు చెబుతారు, అది నిజమే. కట్టడపు పనివాడికి మాత్రం అవి కీళ్ళు. దారి ఎక్కడ తిరగాలో, నేల ఎక్కడ ఎత్తు మారాలో అక్కడ ఒక మండపం పెట్టాడు. ఎనిమిది పలకల గదిలోకి ఒక దిక్కునుంచి ప్రవేశించి, కొద్దిగా పక్కకు జరిగిన ఇంకో దిక్కునుంచి బయటపడితే మలుపు తిరిగినట్టు ఒంటికి తెలియదు. పైగా మండపంలోకి రాగానే తల పైకెత్తుతాం, అక్కడ బొమ్మలు ఎక్కువ. మన చూపు పైన ఉండగా పాదాలు కింద మలుపు తిరిగిపోతాయి. మిగతా అంకణాలలో నేల వాలును రవ్వంత రవ్వంతగా పంచేశారు. ఒక చివర నిలబడి చూరు అంచు వెంట కన్ను పెట్టి దూరంగా చూస్తే గానీ అది పాములా మెలికలు తిరిగిందని నాకు అర్థం కాలేదు.

దూలాల మీద పద్నాలుగు వేలకు పైగా బొమ్మలున్నాయని లెక్క చెబుతారు. పక్షులు, పూలు, హాంగ్‌జౌ పడమటి సరస్సు దృశ్యాలు, మూడు రాజ్యాల కథలోని యుద్ధాలు. పశ్చిమ యాత్ర కథలోని వానర వీరుడు, వాడి వెంట గుర్రం మీద బౌద్ధ సన్యాసి కూడా కనిపిస్తారు. ఆ సన్యాసి ముందు తెలుగువాళ్ళు ఓ క్షణం ఆగాలి. కథలో ఎన్ని కల్పనలు చేరినా ఆయన మన పాఠ్యపుస్తకాల హుయాన్‌త్సాంగే. ఏడో శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చి, అక్కడి విహారాల గురించి రాసుకుపోయినవాడు.

బొమ్మలకన్నా బొమ్మల కింద ఉన్నది నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఉత్తర చైనాలో చలికాలం ఎముకలు కొరుకుతుంది, వేసవి వానలు గట్టిగా పడతాయి. ఆ వాతావరణంలో ఉత్త చెక్క మీద రంగు వేస్తే కొన్నేళ్ళకే పెచ్చులూడుతుంది. అందుకని ముందు చెక్కకు ఒక చర్మం తొడుగుతారు. పూత పట్టుకునేందుకు చెక్క మీద గొడ్డలితో చిన్న చిన్న గాట్లు పెడతారు. పగుళ్ళలో పుల్లలు కొడతారు. పంది రక్తం, సున్నం, పిండి, టుంగ్ గింజల నూనె, ఇటుక పొడి కలిపిన ముద్దను పూసి, ఆ తడి మీద నార పోగులు పరిచి నొక్కుతారు. దాని మీద మళ్ళీ ముద్ద, ప్రతిసారీ ముందటికన్నా మెత్తని పొడితో. పేరున్న పద్ధతిలో ఒక నార పొర, ఐదు ముద్ద పొరలు. ఆరనిచ్చి, రుద్ది, నునుపు తేల్చాక అది చెక్కో రాయో చెప్పలేని ఒక నేల తయారవుతుంది. పాత దూలం ఎక్కడైనా దెబ్బతిని పెచ్చు లేచిన చోట అంచును చూడండి, పొరలు పొరలుగా ఆ నార కనిపిస్తుంది. పర్యాటకులు అలాంటి చోట్లకు ముఖం తిప్పుకుంటారు. నాకైతే పాఠం దొరికేది అక్కడే.

ఆ నునుపు మీద నమూనా దించే పద్ధతి చూస్తే మన ఊళ్ళలో మగ్గం వర్కు చేసేవాళ్ళు గుర్తొస్తారు. గీసిన కాగితాన్ని గీత వెంట సూదితో పొడిచి, జాకెట్టు గుడ్డ మీద పరిచి పైన పొడి రుద్దితే చుక్కల్లో పువ్వు దిగుతుంది కదా, సరిగ్గా అదే. ఇక్కడ పొడి మూటతో దూలం మీద తడతారు. తర్వాత ముఖ్యమైన గీతల వెంట సన్నని మొన ఉన్న గొట్టంలోంచి ముద్దను పిండుకుంటూ పోతారు. గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. దాని మీద బంగారు రేకు అంటిస్తారు. చూరు కింద ఎప్పుడూ నీడే కాబట్టి నేలమీంచి తిరగబడి వచ్చే కొద్దిపాటి వెలుగు ఆ ఉబ్బెత్తు గీత కొసన చిక్కుకుని మెరుస్తుంది. అదే గీత చదునుగా ఉంటే మెరవదు.

బొమ్మ చుట్టూ ఉండే చట్రం కూడా ఊరికే వేసింది కాదు. దూలం మధ్యలో అర్ధచంద్రాకారపు జాగా వదిలి, దాని అంచు చుట్టూ ఒకే రంగును ముదురు నుంచి లేతకు ఐదు, ఏడు, కొన్నిచోట్ల తొమ్మిది పట్టీలుగా వేస్తారు. పట్టీకి పట్టీకి మధ్య ఎక్కడా అలికినట్టు ఉండదు. కింద నుంచి చూస్తే అంచు లోపలికి మడతపడి, బొమ్మ ఒక గూట్లో వెనక్కి ఉన్నట్టు తోస్తుంది. బొమ్మల్లో కొన్ని సామాన్యమైనవే, తొందరలో గీసిన ముఖాలు కూడా ఉన్నాయి. చట్రాల్లో మాత్రం తొందర పడినట్టు ఎక్కడా కనబడదు.

నేను చూసిన చెక్క ఛియాన్‌లాంగ్ కాలానిది కాదు. 1860 అక్టోబరులో ఫ్రెంచి సేనతో కలిసి దండెత్తి వచ్చిన బ్రిటిష్ సేన ఈ తోటను, పక్కనే ఉన్న యువాన్‌మింగ్‌యువాన్ అనే రాజోద్యానాన్ని తగలబెట్టింది. బ్రిటిష్ సేనతో మన దేశం నుంచి వెళ్ళిన దళాలు కూడా చైనాకు వచ్చాయి. వసారా, కొండమీది గోపురం, సరస్సు ఒడ్డు భవనాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. 1886లో పునర్నిర్మాణం మొదలైంది. రాజమాత సిషి విశ్రాంతి కోసం 1888లో దీనికి ఇప్పటి పేరు పెట్టారు. నౌకాదళానికని ఉంచిన సొమ్ము ఇందులోకి మళ్ళింది. ఎంత మళ్ళిందన్న దానిపై చరిత్రకారుల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ రెండో నిర్మాణంలో లెయ్ కుటుంబం చేయి ఉంది. తరతరాలుగా ఛింగ్ దర్బారుకు కట్టడాల నమూనాలు గీసిన ఇల్లు అది. అప్పటి తరానికి పెద్ద లెయ్ తింగ్‌ఛాంగ్. వాళ్ళ పటాల భాండాగారాన్ని 2007లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. కట్టబోయే భవనాన్ని చక్రవర్తికి చూపించడానికి వాళ్ళు కాగితం, పలుచని చెక్క, జిగురు వాడి బుల్లి నమూనాలు చేసేవారు. కాగితం పొరలు అంటించి, వేడి ఇనుముతో ఒత్తి ఆకారం తెచ్చేవారు. పైకప్పు ఊడి చేతికొస్తుంది. లోపల గోడలు, తెరలు, మంచాలతో సహా కనిపిస్తాయి. ఎక్కడికక్కడ కొలతలు రాసిన చీటీలు అంటించి ఉంటాయి. దూలం చెక్కకముందే ఇల్లు అంతా చేతిలో తిరిగేదన్నమాట.

ఒక వస్తువును ఇంకో వస్తువులా చూపించే సరదా ఈ తోటలో రెండుచోట్ల బాగా కనిపిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. మొదటిది వసారా పడమటి కొస దాటాక వచ్చే పాలరాతి పడవ. ఊరూ పేరూ ఉన్నది దీనికే. 36 మీటర్ల పొడవు. అడుగుభాగం ఛియాన్‌లాంగ్ నాటి రాయి. దాని మీది చెక్క గది 1860లో కాలిపోతే, 1893లో పాశ్చాత్య పొగపడవ తీరులో రెండంతస్తులు లేపి, పక్కలకు రాతి చక్రాలు తగిలించారు. పై అంతస్తులు చెక్కవే. పాలరాయిలా చారలు గీసి రంగు వేశారు. దూరం నుంచి ఫరవాలేదు. దగ్గరకు వెళ్తే ఆ చారలు రాయిని నమ్మించలేవు, చెక్కను చూడనివ్వవు. నన్నడిగితే తోట మొత్తంలో అతుకు బయటపడిన కట్టడం ఇదొక్కటే. ఒక్క విషయంలో మాత్రం దీని వడ్రంగికి దండం పెట్టాలి. పైకప్పు మీద పడ్డ వాన నీరు మూలస్తంభాల బోలులోంచి దిగి, కింద ఉన్న నాలుగు నాగముఖాల నోట సరస్సులో పడుతుంది. బయట ఒక్క గొట్టం కనబడదు.

రెండోది కొండ మీద, పెద్ద గోపురానికి పడమట ఉంది. ఆ గోపురం దాకా వచ్చినవాళ్ళు మెట్లు ఎక్కిన అలసటతో సరస్సును చూసి దిగిపోతారు. గోపురం 41 మీటర్లది, మొత్తం తోటకు ఇరుసు. అక్కడ మొదట ఒక ఎత్తైన స్తూపగోపురం లేపుతూ, పూర్తవుతుండగా 1758లో పడగొట్టి, ఈ ఎనిమిది పలకల రూపానికి మారారు. సన్నగా నిటారుగా లేచే గోపురానికి బదులు భుజాలున్న గోపురం రావడం వల్లే కొండ దానికి పీటలా అమరిందని నాకనిపిస్తుంది.

కాస్త పక్కకు వెళ్తే కంచు మండపం. ఎత్తు ఏడున్నర మీటర్లు, బరువు 207 టన్నులు, కట్టిన ఏడాది 1755. పాలరాతి పీఠం మీద నిలబడి ఉంటుంది. చూడగానే పాతబడిన చెక్క మండపమే అనుకుంటాం. దూలాలు, వాసాలు, చూరును మోసే దిమ్మెల దొంతరలు, గుండ్రటి వాసాల కొసలు, పెంకులు, తలుపుల జాలీ, గుమ్మం పక్కన ద్విపదల పలకలు, అన్నీ వడ్రంగి చేసినట్టే ఉంటాయి. అన్నీ కంచువే. మైనంతో చేసిన రూపం చుట్టూ మూస కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతిలో చేశారు. చెక్కలో ఒక దూలం ఇంకో దూలంలో గుచ్చుకునే చోట ఎలాంటి అంచు వస్తుందో ఆ అంచును కూడా పోతలో తెచ్చారు. నిజానికి కంచుకు ఆ గుచ్చు అవసరం లేదు. అయినా వదల్లేదు. కాలంతోపాటు లోహం బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరిగింది. తాకితే చల్లదనం చెబుతుందే తప్ప కంటికి మాత్రం ఇప్పటికీ చెక్కే.

చుట్టూ ఉన్న చెక్క అంతా కాలినా ఇది నిలిచింది. 1900 తర్వాత కిటికీలు చాలా దేశం దాటిపోయాయి. వాటిలో పది 1993లో తిరిగొచ్చి మళ్ళీ తమ చట్రాల్లో కూర్చున్నాయి. లోపలి గోడ మీద ఒకచోట పనివాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. మైనం మలిచినవాళ్ళు, పోత పోసినవాళ్ళు విడివిడిగా. చక్రవర్తి కట్టడంలో కూలికి పనిచేసినవాళ్ళ పేర్లు అలా మిగలడం అరుదు. పాలరాతి పడవ దగ్గర ఫొటో కోసం వరసలో నిలబడే సమయాన్ని ఇక్కడ ఖర్చుపెట్టమని నేను ఎవరికైనా చెబుతాను.

తోట ఈశాన్య మూలలో ఇంకో చిన్న తోట ఉంది. వూషీ ఊళ్ళోని ఒక పాత తోటను చూసి ముచ్చటపడి ఛియాన్‌లాంగ్ కట్టించుకున్నది. కొలను చుట్టూ మండపాలు, వాటిని కలిపే వంకర వసారాలు. వెనుక కాలువ మట్టం కొలనుకన్నా ఎత్తు. ఆ తేడాను ఒక్క దూకుడుగా వదిలేయకుండా రాళ్ళ మధ్య మెట్లు మెట్లుగా దింపారు. ప్రతి రాయి దగ్గర నీరు వేరే స్వరంలో పలుకుతుంది. పర్యాటక బృందాల మెగాఫోన్లు లేని వేళ వెళితే వినబడుతుంది.

అన్నిటికన్నా పెద్ద అతుకు తోటకూ బయటి లోకానికీ మధ్య ఉండాలి. దాన్నెలా దాచారో చూడాలంటే తూర్పు ఒడ్డు మీద నిలబడి పడమరకు చూడాలి. సరస్సును అడ్డంగా కోస్తూ విల్లో చెట్ల కట్ట ఒకటి వెళ్తుంది. హాంగ్‌జౌ సరస్సు మీది కట్టకు అనుకరణ అది, దాని మీద ఆరు వంతెనలు. కట్ట వెనుక ఇంకొంత నీరు, ఆపైన తోట సరిహద్దు. చెట్లు ఆ సరిహద్దును మింగేస్తాయి. వాటి పైన యూఛువాన్ కొండ, కొండ కొసన సన్నని గోపురం, ఇంకా వెనుక పడమటి కొండల నీలి వరస కనిపిస్తాయి. ఆ గోపురం ఈ తోటది కాదు. ఉన్నది కొన్ని కిలోమీటర్ల అవతల. కానీ ఒడ్డు మీద నిలబడ్డవాడికి అది ఈ సరస్సు కోసమే అక్కడ పెట్టినట్టుంటుంది. పక్కవాడి దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడం అనే ఈ విద్యను 17వ శతాబ్దంలో జీ ఛెంగ్ అనే తోటల శిల్పి తన గ్రంథంలో శాస్త్రంగా రాసిపెట్టాడు. ఇంత పెద్ద కొలతలో దాన్ని ఆచరించిన చోటు నేనింకొకటి చూడలేదు.

ఆ కట్ట మీది ఆరు వంతెనల్లో నిటారుగా లేచే తెల్లరాతి వంతెన ఒకటుంది. చక్రవర్తి పడవ దాని కిందనుంచి యూఛువాన్ కొండ వైపు వెళ్ళేది, అందుకే అంత ఎత్తు. వంపు నేలను తాకే చోట మళ్ళీ వెనక్కి తిరిగి మెల్లగా చదునవుతుంది. వంపు అడుగడుగుకీ మారుతుంది కాబట్టి పిట్టగోడలో పక్కపక్కన ఉన్న రెండు పలకలకు ఒక్క కొలత సరిపోదు. ప్రతిదాన్నీ దాని చోటుకు తగ్గట్టు వేరేగా కోయాల్సిందే. చేత్తో తడుముతూ ఎక్కితే తెలుస్తుంది. అక్కడికి పొద్దున్నే వెళ్ళడం మేలు. ఎండ తూర్పునుంచి పడి పడమటి గోపురం, దాని వెనుక కొండల మడతలు విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటితే సూర్యుడు ఎదురవుతాడు, గోపురం నల్లటి గీతగా మారి అంతస్తులు కూడా లెక్కపెట్టలేం.